బెల్లం బండికి వచ్చిన మిస్సింగ్

మా నాన్నకు మద్రాసు జార్జిటౌన్‌లో బెల్లం మండీ ఉండేది. కింద మండీ, పైన మేము. డెబ్బైల మధ్యలో, పెట్రోలు ధర అందరి నోళ్లలో నానుతున్న రోజుల్లో, అంగళ్లకు సరుకు చేరవేయడానికి మాకొక పాత పికప్ వ్యాను ఉండేది. మిలిటరీ వేలంలో ఎవరో కొన్న బండిని నాన్న వాళ్ల దగ్గర తీసుకున్నాడు. ముందు ముగ్గురు ఇరుక్కుని కూర్చునే ఒకే సీటు, వెనక మూత లేని తొట్టి. ఎంత కడిగినా పలకల సందుల్లో బెల్లం జిగురు పోయేది కాదు. ఎక్కడ ఆపినా ఈగలు ముసిరేవి.

దాన్ని నడిపే ఆయన నెల్లూరు వైపు మనిషి. నలభై అయిదేళ్లుంటాయి. మా దగ్గర చేరి తొమ్మిదేళ్లయింది. నేను ఆయన్ని "అన్నా" అని పిలిచేదాన్ని. నాకు ఇరవై నాలుగేళ్లు వచ్చి, ఆడపిల్లల బడిలో సైన్సు చెబుతున్నా, ఆయనకు నేను పాపనే.

ఆ ఏడాది నేను ఆయన దగ్గర బండి నడపడం నేర్చుకున్నాను, నాన్నకు తెలియకుండా. అడిగింది నేనే. రెండుసార్లు కుదరదన్నాడు. మూడోసారి అడిగితే కాసేపు గడ్డం గోక్కుని, "ఆదివారం బండి కడగను తీసకపోతాను. పొద్దున ఆరుకంతా చింతాద్రిపేట వంతెన కాడ నిలబడు" అన్నాడు. స్నేహితురాలి ఇంటికని చెప్పి బస్సెక్కేదాన్ని. కూవం నది మురుగు వాసన దాటి ఐలాండ్ గ్రౌండ్స్ మైదానం పక్కకు చేరాక ఆయన దిగి అటు తిరిగి వచ్చేవాడు, నేను స్టీరింగు వెనక్కి జరిగేదాన్ని. ఆయన ఎక్కువ మాట్లాడేవాడు కాదు. గేరు కర్రుమంటే మాత్రం, తన పన్ను నొప్పి పుట్టినట్టు కళ్లు మూసుకునేవాడు.

ఎనిమిదో వారమో తొమ్మిదో వారమో, మూడో గేరులో యాక్సిలరేటరు నొక్కగానే బండి ఎక్కిళ్లు పెట్టింది. మెల్లగా పోతే బాగానే ఉంటుంది, కాస్త బరువు పడితే తడబడుతుంది. క్లచ్చు నేనే సరిగ్గా వదల్లేదనుకుని క్షమించమన్నాను.

"నీ తప్పు గాదు పాపా. మిస్సింగ్ కొడతా ఉండాది. నాలుగు సిలిండర్లలో ఒకటి పని ఎగ్గొడతాంది. అయ్యకి పది దినాల నాడే చెప్పినా. ఈ రద్దీ పోనీ, చూపిద్దామన్నాడు."

తర్వాత రెండు వారాలకు, ఒక సోమవారం పొద్దున, బడికి వెళ్లడానికి నేను మెట్లు దిగుతుంటే మండీ ముందు నాన్న గొంతు వినిపించింది. ఆయన చేతిలో పెట్రోలు ట్యాంకులో ముంచి చూసే వెదురు పుల్ల ఉంది. శనివారం సాయంత్రం తడి ఎంత దాకా అంటిందో దాని మీద గాటు పెట్టుకున్నాడట. ఇప్పుడు తడి ఆ గాటుకు రెండు వేళ్ల కింద ఉంది. బండి ఇంజను తిరుగుతూ దగ్గుతోంది. పక్క మండీ ఆసామి ఒకాయన అరుగు మీద నిలబడి, ఎవరూ అడక్కుండానే, "కిరసనాయిలు కలిపితే ఇట్నే దగ్గుతాది" అన్నాడు.

"ఆదివారం ఆడికీ ఈడికీ కడగను పోతే ఇంత పెట్రోలు తాగుతుందా?" అన్నాడు నాన్న. "పెట్రోలు తీసి అమ్ముకుని కొంచెం కిరసనాయిలు పోసినావా? నిజం చెప్పప్పా."

డ్రైవరన్న తల ఎత్తలేదు. "కడగను తీసకపోయినానయ్యా" అన్నాడు, అంతే. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చూసి ఉంటే అప్పుడే చెప్పేసేదాన్నేమో. చూడకపోవడంతో నాకు ఆలోచించుకునే వ్యవధి దొరికింది, ఆ వ్యవధిలో భయం కూడా వచ్చి చేరింది. నేను చెప్పగలిగింది ఒక్కటే: "నాన్నా, మెకానిక్కుకి చూపిస్తే కిరసనాయిలో కాదో తెలిసిపోతుంది కదా. నేనూ వస్తాను."

బడికి సెలవు కబురు పంపాను. ముగ్గురం ఆ ఒక్క సీటులో, నేను మధ్యలో, ఎక్కిళ్లు పెడుతున్న బండిలో చింతాద్రిపేట దాకా వెళ్లాం.

మెకానిక్కు వయసు మళ్లిన మనిషి, మూడు తరాలుగా మద్రాసులో ఉన్న తెలుగు కుటుంబం. నాన్న చెప్పిందంతా విని ముందు ట్యాంకులోంచి నాలుగు చుక్కలు తెల్ల కాగితం మీద వేశాడు. చుక్కలు కాసేపటికి ఆరిపోయాయి. కాగితం మీద జిడ్డు మరక మిగల్లేదు.

"చూసినారా సార్, కిరసనాయిలుంటే ఈడ మరక నిలిచిపోవాల. ఇది సుద్దమైన పెట్రోలు."

నాన్న కాగితాన్ని వెలుతురుకు పట్టి చూశాడు.

ఆ తర్వాత మెకానిక్కు ఇంజను తిరుగుతుండగానే, చేతికి ఎండు గుడ్డ చుట్టుకుని, ఒక్కొక్క ప్లగ్గు వైరు పీకి మళ్లీ తగిలించాడు. మొదటిది పీకగానే ఇంజను కుంగింది. మూడోది, నాలుగోది పీకినా అంతే. రెండోది పీకినప్పుడు మాత్రం శబ్దంలో ఏ తేడా రాలేదు. ఉన్నా లేకపోయినా ఒకటేనంటే, పని ఎగ్గొడుతున్నది అదే. రెండో ప్లగ్గును మూడో దాంట్లోకి మార్చాడు. జబ్బు దానితో పోలేదు, రెండో దగ్గరే ఉండిపోయింది. వైరు మార్చినా అంతే.

"కొంజం ఆగండి" అని లోపల్నుంచి గోనెసంచులు తెచ్చి, తెరిచిన బానెట్ మీద గుడారంలా కప్పి, తల లోపలికి దూర్చాడు. "రా అమ్మా, సైన్సు టీచరంట గదా, నువ్వే చూడు" అన్నాడు.

నేనూ తల దూర్చాను. పెట్రోలు, వేడి ఇనుము, గోనె వాసన. ఆ చీకట్లో, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ నల్ల మూత మీద, సన్నని నీలి దారం ఒకటి పాకి మాయమైంది, మళ్లీ పాకింది. ప్లగ్గుకు పోవలసిన నిప్పు దారిలోనే ఇనుములోకి దిగిపోతోంది. మూత ఊడదీసి చూస్తే, వెంట్రుకంత పగులు. పెన్సిలుతో గీసినట్టు మసి.

పుదుపేట పాత సామాన్ల అంగట్లోంచి మరో మూత తెచ్చి బిగించాడు. ఇంజను మెత్తగా తిరిగింది. "ఒక సిలిండరు తాగిన పెట్రోలంతా కాలకుండా పొగగొట్టంలో పోతా ఉండె. తరుగు రాకుండా ఎట్ల ఉంటాది?" అన్నాడు.

పుల్ల మీద తరుగుకు లెక్క దొరికినట్టయింది. నాన్న డ్రైవరన్న వైపు తిరిగి, "సరేలే, పోదాం పద" అన్నాడు. క్షమాపణకు అంతకంటే దగ్గరగా వచ్చే మాట నాన్న నోట ఎప్పుడూ రాలేదు. ఇక నేను నోరు మూసుకుంటే అన్నీ సర్దుకుపోయేవి. మూడు రోజులు అలాగే ఉన్నాను. కానీ తరుగులో ఎంత పగులుది, ఎంత నాది అన్నది నాకు తెలుసు. నాలుగో రోజు నాన్న భోజనం చేస్తుంటే చెప్పేశాను.

ఆయన ముద్ద కలపడం ఆపలేదు. "ఎన్ని వారాలు?"

"పదకొండు."

"గేర్లన్నీ వేస్తావా?"

"వేస్తాను."

మజ్జిగన్నం తిని చేయి కడుక్కున్నాడు. "సగం నేర్చి వదలకూడదు. లైసెన్సు తీసుకో" అన్నాడు. నామీద కేకలు వేయలేదు. అంతా తేలికగా అయిపోయిందనుకున్నాను.

మర్నాటి నుంచి ఆయన డ్రైవరన్నతో నేరుగా మాట్లాడటం మానేశాడు. టి. నగర్ సరుకు టి. నగర్‌కు, మైలాపూర్ సరుకు మైలాపూర్‌కు అని గుమస్తాతో చెప్పించేవాడు. దొంగతనమైతే తిట్టి క్షమించేవాడు. తన కూతురిని తనకు చెప్పకుండా బండిలో తిప్పిన మాటను మింగలేకపోయాడు.

"ఎందుకు చెప్పినావు పాపా?" అన్నాడు డ్రైవరన్న, ఒకనాడు మూటలు దించుతూ. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు. "దొంగ అన్న మాట ఆడనే కడిగేస్తిరి గదా. దీనికి యాడ మందు తెచ్చేది?"

"మీ మీద నింద ఉండకూడదని..."

"అది యాడుంది ఇంగ?" అన్నాడు.

ఇప్పటికీ, అది ఆయన కోసం చెప్పానా, నా మనసు తేలిక కోసం చెప్పానా అంటే, రెండోదే ఎక్కువేమో అనిపిస్తుంది.

రెండు నెలలకు ఆయన మానేశాడు. కోడంబాక్కంలో ఒక సినిమా స్టూడియోకు లైట్లు మోసే వ్యాను నడపడానికి చేరాడని గుమస్తా చెప్పాడు. నాకు లైసెన్సు వచ్చింది. పరీక్ష నాడు నాన్న వెంట వచ్చి, దూరంగా చెట్టు కింద నిలబడ్డాడు.

కొన్నేళ్లకు పాండీ బజారులో డ్రైవరన్న కనిపించాడు, భార్యతో, చేతిలో చీరల సంచీతో. జుట్టు బాగా నెరిసింది. కూతురి పెళ్లి పనులని చెప్పాడు. నాన్న ఆరోగ్యం అడిగాడు. నేను ఇంకా బండి నడుపుతున్నానా అని అడగలేదు, నేనూ చెప్పలేదు. శుభలేఖ పంపిస్తానన్నాడు. పంపాడు కూడా. నాన్నకు చూపించాను. ఆయన అటూ ఇటూ తిప్పి చదివి, "పోయి రా" అన్నాడు. వెళ్లి వచ్చాను.