బుచ్చయ్య వాపసు పద్ధతి

కామాఠిపురలో గదికొక కుటుంబముండే మా చాల్‌కు సంబంధించినంతవరకు బుచ్చయ్య గారి విశేషం ఒక్కటే. ఎవరి వస్తువు అడిగి తీసుకున్నా ఆయన తప్పక తిరిగి ఇచ్చేవారు; తీసుకున్న ఇంటికి మాత్రం ఇచ్చేవారు కారు.

వయసులో ఉన్నప్పుడు ఆయన భవనాలకు సెంట్రింగు పని చేశారు. మోకాళ్ళు మొరాయించిన తరువాత, చాల్‌లో పెళ్ళిళ్ళకూ పురుళ్ళకూ కావలసిన సామాను సమకూర్చే బాధ్యతను, ఎవరూ అప్పగించకుండానే స్వీకరించారు. సమకూర్చడమనగా నలుగురినీ అడిగి తేవడం. మా ఆడవారు గిన్నెల మీద తమ పేర్లు చెక్కించుకుంటారు. పేరు లేని చెంచా కూడా మా చాల్‌లో దొరకదు. అయినప్పటికీ గంగవ్వ డేక్షా రత్నాబాయి గడపలోను, రత్నాబాయి పళ్ళెం మల్లయ్య గూట్లోను తేలేవి. బుచ్చయ్య గారికి చదువు రాదు గనుక పేర్లు పోల్చుకోలేరని అందరమూ సరిపెట్టుకున్నాము.

“బుచ్చన్నా, నా డేక్షా ఏదే?” అని గంగవ్వ పై అంతస్తు నుంచి అడిగేది.

“ఏడికి పోతది? చాల్లనే ఉన్నది.”

“చాల్ల అంటే ఏ ఖోలీల?”

“అడుక్కుంట పో. నోరున్నది గద.”

గంగవ్వకు నోరున్న సంగతి పక్క పేట నాగ్‌పాడా వరకు తెలుసు. నల్లా దగ్గర తగాదా జరిగిన నాటి నుంచి రత్నాబాయితో మాటలు లేని ఆమె, సదరు డేక్షా కొరకు సరిగ్గా ఆ తలుపే తట్టవలసి వచ్చింది. మొదట “నా డేక్షా ఇయ్యి” అన్నది. తరువాత “అడుగు గిట్ల మాడ్చినవేందే” అన్నది. ఆ పిమ్మట ఇద్దరూ కలిసి బుచ్చయ్య గారిని తిట్టారు. తిట్టడం ఒక్క చాయ్‌తో పూర్తి కాలేదని విన్నాను.

ఎనభై ఆరవ సంవత్సరం చలికాలంలో, ఫోరస్ రోడ్ మలుపులో పిల్లల ఆశ్రమం నడుపుతున్న భూదేవమ్మ గారు నా వద్దకు ఒక విదేశీ ఉత్తరం తెచ్చారు. ఆఫీసు ఉత్తరాలకు నకళ్ళు రాసి పదవీ విరమణ చేసిన నన్ను చాల్‌లో రైటర్ సాబ్ అనేవారు. డెన్మార్కు దేశపు యువజన బృందమొకటి వచ్చి, నెల రోజులు ఉండి, ఆశ్రమం గోడలకు రంగులు వేసి, పిల్లలను ఆడిస్తామని అందులో రాసింది.

“రావద్దని మర్యాదగ రాసియ్యున్రి” అన్నారామె.

“కారణమేమమ్మా?”

“పోయినేడు గిట్లనే ఇంకో దేశపోళ్ళు వచ్చిన్రు. మంచోళ్ళే. ఎత్తుకున్నరు, ఆడిచ్చిన్రు, పోయిన్రు. మా పారు గేటు కాడనే కూసుండె. బువ్వ ముట్టలే. ఇంకోపారి గా పిల్లను అట్ల సూడలేను. పోయేటోళ్ళు అసలు రాకుంటేనే మంచిది.”

ఆ పిల్లల తల్లులు పక్క గల్లీలలో, పెద్దమనుషులు పేరెత్తని పనితో బతుకు వెళ్ళదీస్తున్నవారు. అందుచేత మా చాల్‌వారు ఆ గేటు వచ్చేసరికి రోడ్డుకు అవతలి వైపు నడిచేవారు.

నా కుర్చీ అడగడానికి వచ్చి నిలబడి ఉన్న బుచ్చయ్య గారు అప్పుడు కలుగజేసుకున్నారు. “రానియ్యి చెల్లె. వాళ్ళు పోయినంక సంగతి నాకు ఇడిసిపెట్టు.”

“నువ్వేం జేస్తవే అన్నా?”

“ముందుగాల సామాను కావాలె గద” అంటూ నా కుర్చీ ఎత్తుకుని వెళ్ళిపోయారు.

ఆ వారమంతా చాల్‌లో దుప్పటి కప్పుకున్నవారు దాన్ని గట్టిగా పట్టుకుని పడుకున్నారు. గంగవ్వ మొదట ఒప్పుకోలేదు.

“గా గేటు లోపటికా? నా డేక్షా ఇయ్య.”

“గా పిల్లలకు గాదు గంగవ్వా, డెన్మార్కోళ్ళకు.”

“గట్లనా. ఐతే చిన్నది ఎందుకు, పెద్దది తీస్కపో.”

డెన్మార్కువారు దయగలవారు, పొడుగువారు. ఆశ్రమంలో, రత్నాబాయి భర్త ఎల్లయ్య ఇచ్చిన మంచం మీద పడుకున్న యువకుడి కాళ్ళు గడప దాటి వరండాలోకి వచ్చేవి. గోడలు పసుపు రంగు తిరిగాయి. పారు అనే ఆ చిన్నపిల్ల కిర్‌స్టెన్ అనే అమ్మాయి భుజాల మీద నుంచి స్నానానికి తప్ప దిగలేదు. బుచ్చయ్య గారు అతిథులను కూడా వదలలేదు. పొడుగు యువకుడి గడ్డి టోపీ తీసుకున్నారు. మరునాడు ఎల్లయ్య దాన్ని పెట్టుకుని పనికి బయలుదేరాడు. టోపీ వెతుక్కుంటూ చాల్‌కు వచ్చిన యువకుడు రెండు ఇళ్ళలో భోజనం చేసి, టోపీ సంగతి మరచి వెళ్ళాడు.

నెల ముగిసింది. వారు కన్నీళ్ళతో వ్యాన్ ఎక్కారు. పారు గేటు దగ్గర కూర్చున్నది.

“ఇగ సూడు” అన్నారు భూదేవమ్మ గారు మా దగ్గరకు వచ్చి. బుచ్చయ్య గారు చూడలేదు. చాల్ మెట్ల మీద మోకాళ్ళకు నూనె రాసుకుంటున్నారు. ఒక్క వస్తువు కూడా వాపసు రాలేదు.

“బుచ్చన్నా, నా డేక్షా ఏదే?”

“ఏడికి పోతది? ఆశ్రమంల ఉన్నది.”

“తెచ్చియ్యి.”

“మోకాళ్ళు లేస్తలెవ్వు. పోయి తెచ్చుకో.”

గంగవ్వ సాయంత్రం వరకు ఆయనను తిట్టి, రత్నాబాయిని వెంటబెట్టుకుని బయలుదేరింది. గేటుకు అడ్డంగా పారు ఉన్నది.

“తొవ్వకడ్డం కూసున్నవేందే పిల్లా? తిన్నవా?”

పారు తల అడ్డంగా ఊపింది.

“ఎందుకు తినలే? ఏం వండిన్రు లోపట?”

గంగవ్వ లోపలికి వెళ్ళి తన డేక్షా మూత తీసి చూసింది. “అవ్వో, నీళ్ళ మీద పప్పు తేలుతున్నది. దీని మీద నా పేరున్నది, సూసినవా రత్నా? లోకమంత నేనే వండిన్ననుకుంటది.”

కొంగు బిగించి పోపు పెట్టింది. రత్నాబాయి వెల్లుల్లి దంచింది. గంగవ్వ పారును పక్కన కూర్చోబెట్టుకుని, “తింటవా, ఇంకింత కారం ఎయ్యాల్నా?” అని బెదిరించింది. పారు తిన్నది. డేక్షాలో ఇంకా పప్పు ఉన్నందువలన ఆ రోజు దాన్ని తేవడం వీలుపడలేదు. మరునాడు మళ్ళీ వెళ్ళవలసి వచ్చింది. ఆ మరునాడు కూడా.

దుప్పట్ల కొరకు మల్లయ్య భార్య వెళ్ళింది, మంచం కొరకు ఎల్లయ్య వెళ్ళాడు. చివరకు నా కుర్చీ కొరకు నేనూ వెళ్ళాను. వరండాలో బుచ్చయ్య గారు పారు వేలు పట్టుకుని డేక్షా మీద చెక్కిన అక్షరాలు దిద్దిస్తున్నారు.

“గిది గంగవ్వ. ఇగ గా పళ్ళెం తే. గిది రత్నాబాయి. గీ చెంచా మల్లయ్యోళ్ళది.”

“బుచ్చయ్య గారూ, మీకు చదువు వచ్చునా?”

“ఏదో, గిన్నెల మీదికాడికి.”

“మరి ఇన్నేళ్ళుగా వస్తువులన్నీ తప్పు ఇళ్ళకు చేరాయే?”

“రైటర్ సాబ్, మీరు నకలు రాసేటప్పుడు తప్పు పోతదా?”

“పోదు.”

“నాక్కూడ పోదు.”

సదరు కుర్చీ నేటికీ అక్కడే ఉన్నది. దాన్ని తెచ్చుకుందామని ప్రతి ఆదివారం వెళుతున్నాను. ఇప్పుడు గేటు దగ్గర కాక వరండాలో ఉంటున్న పారు, నన్ను చూడగానే దాన్ని ముందుకు జరుపుతుంది.

“నా కుర్చీ ఏదమ్మా?” అని నియమం తప్పకుండా అడుగుతాను.

“ఏడికి పోతది తాతా? ఈడనే ఉన్నది. కూసో.”