మామయ్య కలలో వెల్డింగు బడి

ఒక మధ్యాహ్నం పళ్ళ డాక్టరు మామయ్య పన్ను పీకడం పూర్తిచేసి, ఆయన్ని భుజం తట్టి లేపాల్సి వచ్చింది. మామయ్య గురించి చెప్పుకోవాలంటే ముందు నిద్ర గురించే చెప్పుకోవాలి. కూర్చుంటే కునుకు, ఆనుకుంటే గురక. ఒకసారి కరెంటు బిల్లు క్యూలో నిలబడే నిద్రపోతే, వెనకవాళ్ళు నెట్టుకుంటూ కౌంటరు దాకా తెచ్చి బిల్లు కట్టించారు. పరుపులు కుట్టడం వృత్తి. అమ్మకానికి పెట్టిన పరుపు మీదే పడుకునేవాడు. వచ్చినవాళ్ళు ఆ మొహంలో సుఖం చూసి, "మాకు ఆయన కింద ఉన్నదే ఇప్పించండి" అనేవాళ్ళు.

లేవగానే కల చెప్పేవాడు. ఆ కలల్లో ఏనుగులూ రాజకుమార్తెలూ ఉండరు. "అక్కా, నీకు మోకాలు నొప్పిట, ఎవరికీ చెప్పట్లేదుట. కలొచ్చింది" అని మందు సీసా చేతిలో పెట్టేవాడు.

"మా బావమరిది కలలకి చిరునామా కూడా ఉంటుంది" అనేవాడు అక్క భర్త, మేనకోడలి తండ్రి. ఆయన స్కూలు బస్సు నడుపుతాడు.

మేనకోడలికి వెల్డింగు పిచ్చి. వీధిలో ఎవరో గేటు అతుకుతుంటే ఇనుము తేనెలా కరిగి, మళ్ళీ ఇనుమైపోవడం చూసిందట; అప్పటినుంచి ఆ పిల్ల సగం ఈ లోకంలో లేదు. రెండు వెల్డింగు బళ్ళలో సీటొచ్చింది. శుక్రవారంలోగా ఏదో ఒకటి తేల్చుకోవాలి. దగ్గరి బడి ఇంటికి పది నిమిషాలు, కానీ నలభై మందికి రెండే మిషన్లు. దూరం బడి ఆరుగంటల ప్రయాణం. అక్కడ ఒక్కొక్కరికి ఒక్కో మిషను. ఫీజు రెండింటికీ ఒకటే. తేడా అంతా అక్కడ ఉండటానికీ తినడానికీ అయ్యే ఖర్చే.

"దగ్గరిదే బాగుంది నాన్నా" అంది ఆ పిల్ల, గోడకేసి చూస్తూ.

"దూరానిది ఊరికే చూసొస్తే పోలా?" అన్నాడు మామయ్య, కళ్ళు తెరవకుండానే. "బస్సులో నిద్ర బాగా పడుతుంది."

మంగళవారం మామయ్యా మేనకోడలూ వెళ్ళారు. ఆ బడి షెడ్డు నిండా నీలిమెరుపులు, పట్టపగలే చుక్కలు రాలుతున్నట్టు. మాస్టారు ఆమె చేతికి నల్ల అద్దం ఇచ్చాడు. అందులోంచి చూస్తే లోకమంతా మాయమై, చీకట్లో కరిగిన ఇనుము చిటికెడంత పచ్చటి చెరువులా మిగిలింది. అది మెల్లగా ముందుకి నడుస్తోంది. ఆమె ఊపిరి బిగబట్టి దాని వెంటే వెళ్ళింది.

"ఆ బెంచీ మీద ఆయనెవరమ్మా?" అన్నాడు మాస్టారు.

"మా మామయ్యండీ."

"ఈ మోతలో నిద్రా!"

"పన్ను పీకుతున్నా లేవలేదండీ."

కడ్డీ ముట్టించే ముందు మాస్టారు "కళ్ళు!" అని అరిచేవాడు. అందరూ అద్దాలు అడ్డం పెట్టుకునేవారు. మామయ్య గురక పెడుతూనే తువ్వాలు మొహం మీదికి లాక్కున్నాడు. మంట ఆగగానే తీసేశాడు. మళ్ళీ "కళ్ళు!" మళ్ళీ తువ్వాలు. అలా ఐదుసార్లు. ఐదోసారికి ఆ పిల్ల వెల్డింగు వదిలేసి మామయ్యనే చూస్తోంది. గురక మాత్రం ఒక్క తాళమూ తప్పలేదు.

బడి ఎదురుసందులో ఒక పెద్దావిడ ఆడపిల్లలకి గదులు అద్దెకిస్తుంది. "ఒక్క నిమిషం నడుం వాలుస్తానమ్మా" అని మామయ్య ఖాళీ మంచం ఎక్కాడు. మరుక్షణం గురక.

"అదృష్టవంతుడు!" అంది ఆవిడ. "ఈ రాళ్ళలాంటి పరుపుల మీద ఇంకెవరికీ నిద్ర పట్టదు. నెల తిరక్కుండానే పిల్లలు గది మారిపోతున్నారు. పద్నాలుగు పరుపులు కొత్తవి కొనాలంటే నావల్లవుతుందా?"

తిరుగు ప్రయాణంలో ఆ పిల్ల కాసేపు కిటికీలోంచి చూసి, గురక వైపు తిరిగింది.

"మామయ్యా, నిద్రపోతున్నావుగా? అయితే విను. నాకు ఆ బడే కావాలి. అడిగితే నాన్న ఖర్చుల కోసం స్కూలు బస్సుతో పాటు రెండో బండి నడపడానికి కూడా ఒప్పుకుంటాడు. అందుకే అడగను."

గురక ఒక్క క్షణం ఆగింది. తర్వాత గేరు మార్చినట్టు ఇంకా గట్టిగా సాగింది.

గురువారం భోజనాల దగ్గర మామయ్య కళ్ళు నులుముకున్నాడు. "బావా, కలొచ్చింది."

"చిరునామా చెప్పు."

"ఒకింట్లో పద్నాలుగు పరుపులు. అన్నీ విప్పి, దూది ఏకించి, మళ్ళీ కుడుతున్నా. దానికి బదులు ఏడాది అద్దె వద్దంది ఆ ఇంటావిడ. గదిలో చూద్దును కదా, నీ కూతురు!"

"కలలో కూడా నీ సొమ్ము నేను ముట్టను."

"సొమ్మెక్కడిది? దూది ఆవిడది, చేతులు నావి. తిండి ఖర్చంతా నీదే. కలలో నెలనెలా నువ్వే పంపుతున్నావు."

"ఆవిడ నిజంగా ఒప్పుకోవాలిగా?"

"పొద్దున్నే ఫోన్ చేస్తే సరేనంది."

"కలలో ఫోను కూడా ఉందా?" అంది ఆ పిల్ల అమ్మ.

నాన్న కూతురి వైపు తిరిగాడు. "దగ్గరిదే బాగుందన్నావు?"

"నలభై మందికి రెండే మిషన్లు నాన్నా."

"ఆ ముక్క ముందే ఏడవచ్చుగా! తిండి నేను చూసుకుంటా, పో."

ఆ పిల్ల వంటింట్లో అమ్మ చెవిలో గుసగుసలాడింది. "అమ్మా, మామయ్య నిద్రపోడు. అన్నీ వింటాడు!"

అమ్మ గిన్నె తుడవడం ఆపలేదు. "నీకిప్పుడా తెలిసింది? నా మోకాలి గోడు వాడి పక్కన కూర్చుని పైకే ఎందుకు చెప్పుకున్నాననుకున్నావ్?"

"నాన్నకి తెలుసా?"

"నిన్న దుకాణానికి వెళ్ళి గంటసేపు వాడి పక్కన కూర్చున్నారు. తిండి వరకైతే పెట్టగలను, అద్దె దగ్గరే ఆగిపోతున్నాను అని గోడకి చెప్పి వచ్చారట."

శుక్రవారం పదింటికి దూరం బడిలో కాగితాలు ఇచ్చేశారు. ఆమెకి తొమ్మిదో నంబరు మిషను వచ్చింది. మామయ్య ఆ ఇంటి పెరట్లో పని మొదలుపెట్టాడు. కుట్టిన ప్రతి పరుపునీ ఒక పూట పడుకుని పరీక్షిస్తాడు. ఆ పూట అద్దెకున్న పిల్లల్లో ఎవరో ఒకరు వచ్చి పక్కన కూర్చుంటారు, ఏదో ఒకటి చెప్పుకుని వెళతారు. ఇప్పటికి మూడు పూర్తయ్యాయి. ఇంకా పదకొండు ఉన్నాయి.