కాకి రాని తద్దినం

ఆ రోజుల్లో అని కథ మొదలుపెట్టే వయసు నాకింకా రాలేదని మా ఆవిడ అంటుంది. ఐదారేళ్ల కిందటి సంగతికి అంత పెద్ద మాట ఎందుకని ఆవిడ వాదన. కానీ మీరే చెప్పండి. గుమ్మం దాటితే మూతికి గుడ్డ, లిఫ్టులో పక్కవాడు తుమ్మితే గుండెల్లో రాయి, చవక తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్లో ప్రతి బల్ల మీదా ఎర్ర టేపుతో అడ్డంగా నిలువుగా గీతలు. ఇప్పుడు చెబితే మా పక్క ఫ్లాటు పిల్లలు "సీరియస్లీ ఆ, అంకుల్?" అని కళ్లు పెద్దవి చేస్తారు. పిల్లలు నమ్మని కాలం ఏదైనా ఆ రోజులే అని నేను మా ఆవిడతో వాదించి, ఎప్పటిలాగే ఓడిపోయి, అయినా ఆ మాటతోనే మొదలుపెడుతున్నాను.

ఆ రోజుల్లో నాకు పాతికేళ్లు. సింగపూరు చాంగీ బిజినెస్ పార్క్‌లో మొదటి ఉద్యోగం. అది ఊరికి తూర్పు కొస అయితే నేను అద్దెకున్న క్లెమెంటి పడమటి పక్క. రైల్లో రోజూ గంట కూర్చుని వెళ్లే ఆఫీసు లాక్‌డౌన్ పుణ్యమా అని మంచం పక్కనున్న స్టూలు మీదికి వచ్చేసింది. ఇల్లుగల అంకుల్ వాళ్ల అక్కను చూసొస్తానని వారానికని మలేషియా వెళ్లి అక్కడే ఇరుక్కుపోయాడు. కొడుకు ఎలా ఉన్నాడో చూసిపోతానని నెలకని వచ్చిన మా అమ్మ ఇక్కడ ఇరుక్కుపోయింది. అలా తొమ్మిదో అంతస్తులో ఒక ఫ్లాటూ, ఒక కుక్కరూ, మేమిద్దరమూ మిగిలాం. "సింగపూరు చూడ్డానికొచ్చి కిటికీ చూసి పోతున్నాను" అని అమ్మ రాజమండ్రికి ఫోన్ చేసి మా పిన్నికి చెప్పేది.

ఆ కిటికీ తక్కువదేం కాదు. మా బ్లాకు వెనక రోడ్డు, రోడ్డు దాటితే పెద్ద అడవి. మనుషులు లోపలికి పోయేసరికి అందులోని జనం బయటికొచ్చారు. మధ్యాహ్నం పూట నిలువెత్తు ఉడుమొకటి రోడ్డును మెల్లగా, సిగ్నలుతో పని లేకుండా దాటేది. అడవి కోళ్లు పిల్లలతో సహా కార్ పార్కులో తిరిగేవి. ఒకసారి కోతుల గుంపు ఆరో అంతస్తువాళ్ల బ్రెడ్డు ప్యాకెట్టు ఎత్తుకుపోయింది. అమ్మ పొద్దున్నే కాఫీ గ్లాసుతో కిటికీ దగ్గర కూర్చుని హాజరు తీసుకునేది. "ఒరేయ్, ఇవాళ ఉడుము రాలేదురా, ఒంట్లో బాలేదేమో" అనేది. ఇంత అడవిలోనూ ఒక్క కాకి లేదన్న సంగతి మాత్రం మా ఇద్దరిలో ఎవరమూ గమనించలేదు.

గమనించే అవసరం మా నాన్న తద్దినం రోజున వచ్చింది. అమ్మకు అప్పటికి పది రోజుల ముందు నుంచే దిగులు పట్టుకుంది. పోయిన మనిషికి ఏడాదికోసారి పెట్టే అన్నం పరాయి దేశంలో, పైగా లైట్ కుకింగ్ మాత్రమే చేసుకోవాలని అగ్రిమెంటు రాసిన వంటింట్లో పెట్టాల్సి వచ్చిందని. చివరికి మా ఊరి పంతులుగారు ఫోన్‌లో మంత్రం చెబుతానని ఒప్పుకున్నారు. (ఆయన ఆ నెలలో రెండు ఖండాల్లో తద్దినాలు పెట్టించారట. వాట్సాప్‌లో ఆయన్ను పట్టుకోవడం మా మేనేజర్ని పట్టుకోవడం కన్నా కష్టమైంది.) దర్భలు లేవంటే, "పోనీ బాబూ, పవిత్రంగా ఉన్న గడ్డి ఏదైనా చూడు" అన్నారు. కింద మార్కెట్లో పవిత్రంగా కనిపించిన గడ్డి నిమ్మగడ్డి ఒక్కటే. దాన్ని చీల్చి ఉంగరం చుట్టుకున్నాను. కర్మ జరిగినంతసేపూ నా వేలు థాయ్ సూపు వాసన కొట్టింది.

ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి పెట్టి, తడి పంచెతో దక్షిణం వైపు తిరిగి కూర్చున్నాను. పంతులుగారు ఎదురుగా కనిపిస్తూ ఏ చేత్తో ఏం చేస్తే నేనూ అటు పక్క చేత్తోనే చేసేశాను, అద్దంలో చూసి క్షవరం చేసుకున్నట్టు. సగం అయ్యాక ఆయన గమనించి, "బాబూ, జంధ్యం అటు కాదు, ఇటు. నా ఇటు కాదు, నీ ఇటు" అన్నారు. మళ్లీ మొదటికి వచ్చాం. అన్నీ అయ్యేసరికి పన్నెండున్నర. "ఇక వాయస పిండం బయట పెట్టు. కాకి ముట్టాక అమ్మగారూ నువ్వూ భోజనం చేయండి" అని ఆయన ఇంకో దేశం తద్దినానికి వెళ్లిపోయారు.

వంటింటి కిటికీ గట్టు మీద అరిటాకు ముక్కలో అన్నం ముద్ద, నువ్వులు, ఒక గారె, అరటిపండు ముక్క పెట్టి ఇద్దరం వెనక్కి వచ్చి నిలబడ్డాం. అర నిమిషంలో ఆరు మైనాలు దిగాయి. "ఛీ ఛీ, ఇవేం పక్షులురా, పిలవని పేరంటానికి!" అని అమ్మ చేతిలో తువ్వాలుతో తోలింది. గారె పోయింది. ముద్దను కాపాడాం. ఒంటిగంట అయింది. కాకి అనేదే ఆకాశంలో లేదు. అప్పుడు నాకు తట్టింది. కాకులన్నీ ఉండేది హాకర్ సెంటర్లో. మనం లేచిన మరుక్షణం కుర్చీ వాటిది. మనుషులు అక్కడ కూర్చుని తినడం మానేశాక వాటికి అక్కడ ఏముంది, ఎంగిలి దొరికే చోటు వెతుక్కుంటూ అవీ వలస పోయాయి.

"మీ నాన్నకి కోపమొచ్చిందిరా" అంది అమ్మ. "ఇల్లు తాళం పెట్టి ఊళ్లు తిరుగుతున్నానని." నేను నవ్వబోయి ఆవిడ మొహం చూసి ఆగిపోయాను. అమ్మకు షుగరు. తిని మాత్ర వేసుకోవాలి. పొద్దుట కాఫీ కూడా తాగలేదు. ఒక ముద్ద తినమ్మా అంటే, "ఆయన తినకుండానా?" అంది. ఆసుపత్రి మాట తలుచుకుంటేనే వణుకు పుట్టే రోజులు. నాకు నిజంగా భయమేసింది. కాకి ముట్టకపోతే మా అమ్మ అన్నం ముట్టదు, అంతే సంగతి.

"నేను కిందికెళ్లి గడ్డిలో పెడతాను. పై నుంచి కనపడక పోయుంటుంది" అని కొత్త ముద్ద, కొత్త అరటిపండు ముక్క ఆకులో పెట్టుకుని, తడి పంచె మీద ఆఫీసు టీ షర్టు, మూతికి మాస్కు, చెవిలో ఇయర్‌ఫోన్, వేలికి నిమ్మగడ్డి, ఈ అవతారంతో లిఫ్టు దిగాను. అడవి వైపు గడ్డిలో ఆకు పరిచి, పది అడుగుల దూరంలో గొంతుక్కూర్చున్నాను. అమ్మ పైన కిటికీలోంచి ఫోన్ పట్టుకుని చూస్తోంది. అక్కణ్నించి తన వంతు తాను మొదలుపెట్టింది. కాకి రాకపోతే పోయినవాళ్లకు తీరని కోరికేదో ఉన్నట్టనీ, దానికి మాట ఇస్తే వస్తుందనీ మా వైపు నమ్మకం.

"ఏవండీ, మీ తమ్ముడితో మాట్లాడతాను లెండి. గోడ తగాదా నేను మర్చిపోయాను" అంది ఫోన్‌లో. కాకి రాలేదు. "మీ స్కూటరు అమ్మనండీ" అంది. రాలేదు. కాసేపు ఆలోచించి, "ఒరేయ్, పెళ్లి చేసుకుంటానని చెప్పరా ఆయనకి" అంది. "అమ్మా!" అన్నాను. "నన్నడగొద్దు, ఆయనకి చెప్పు. నా ఆకలికేం, నేనుంటాను" అంది. ఇంకేం మాట్లాడతాను. ఖాళీ గడ్డి వైపు చూస్తూ, "చేసుకుంటాను నాన్నా" అన్నాను. "చూపించిన సంబంధమే అను." "చూపించిన సంబంధమే." కాకి మాత్రం రాలేదు.

వచ్చింది ఒక ఆంటీ. మెడలో కార్డు, మొహానికి మాస్కు, జనం గుంపులు కూడకుండా చూసే డ్యూటీలో ఉన్న చైనా ఆవిడ. నన్ను, పంచెను, ఆకును వరసగా చూసి, "హలో, యూ ఎక్సర్‌సైజింగ్ ఆర్ నాట్?" అంది. వ్యాయామానికి తప్ప ఊరికే బయట కూర్చోకూడదు కదా. నేను గొంతుక్కూర్చున్న భంగిమను వ్యాయామమని బుకాయించవచ్చు గానీ పక్కనే పక్షులకు మేత వేయరాదని బోర్డుంది. "ఫర్ మై ఫాదర్, ఆంటీ" అన్నాను.

"ఫాదర్ వేర్?" అంది చుట్టూ చూస్తూ. నేను ఆకాశం చూపించాను.

ఆవిడ గొంతు తగ్గించి, వాళ్ల నాన్నకు కాఫీ ప్రాణమట, ఏటా సమాధి దగ్గర కప్పు పెట్టి వస్తుందట, ఈ ఏడు వెళ్లడానికి కుదరలేదని ముక్కలు ముక్కలుగా చెప్పింది. "మై సిస్టర్ సే నెవర్ మైండ్, నెక్స్ట్ ఇయర్ కెన్. బట్ హి వెయిటింగ్, వాట్" అంది. ఆపైన గడియారం చూసుకుని, "ఐ గో దట్ సైడ్ చెక్. టెన్ మినిట్స్. ఆఫ్టర్ దట్ యూ క్లీన్ ఎవ్రీథింగ్, ఓకే?" అని నాకు వీపు పెట్టి నడిచింది. ఆ రెండు నెలల్లో నాతో ఎదురుగా నిలబడి మాట్లాడిన మనిషి అమ్మ తర్వాత ఆవిడొక్కతే. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ వెనక్కి తిరక్కపోబట్టి సరిపోయింది.

పది నిమిషాల్లో తొమ్మిది అయ్యాయి. అప్పుడు చెట్టు మీంచి నల్లటి పక్షి ఒకటి దిగింది. నా ప్రాణం లేచొచ్చింది. చూస్తే ఎర్రటి కన్ను, పొడుగు తోక. కోయిల. (ఈ ఊళ్లో దాని కూతకు తెల్లవారుజామున నిద్రలు చెడి జనం తిట్టుకుంటారు, మనమేమో కవిత్వం రాస్తాం.) అది అరటిపండు ముక్కను ముక్కున కరుచుకుంది. పోతూ పోతూ అన్నం ముద్ద మీద ఒక కాలు వేసింది. పుట్టింది కాకి గూట్లో, పెంచింది కాకి, రంగులో తేడా లేదు. పైన తొమ్మిదో అంతస్తులో అమ్మకు దూరపు చూపు సరిగా ఆనదు. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం ఆలోచించి, "అమ్మా, కాకి! ముట్టిందమ్మా!" అని అరిచాను.

"ముట్టిందా?" అంది అమ్మ. "ముట్టింది." "సరే, పైకి రా."

ఆకు, అన్నం అంతా సంచిలోకి ఎత్తి, దూరం నుంచి ఆంటీకి చెయ్యి ఊపి లిఫ్టు ఎక్కాను. ఇంట్లో అప్పటికే రెండు ఆకులు వేసి ఉన్నాయి. "కాకి బాగా తిందా?" అని అడిగింది అమ్మ. "బాగా" అన్నాను ఆకులోకి చూస్తూ. నేను మొదటి ముద్ద నోట్లో పెట్టుకునే దాకా చూసి అప్పుడు తనూ కలుపుకుంది. మాత్ర వేసుకుంది. నాన్నను మోసం చేశానన్న పాపభీతి ఒక పక్క, అమ్మ చేత అన్నం తినిపించానన్న గర్వం ఒక పక్క. నిజం చెప్పాలంటే గర్వమే ఎక్కువ. తర్వాత ఆ సంగతిని నా తెలివికి నిదర్శనంగా ఆఫీసులో ముగ్గురికి చెప్పాను కూడా.

విమానాలు తిరిగాక అమ్మను రాజమండ్రిలో దింపాను. ఆ మరుసటి ఏడు తద్దినానికి నేనే సెలవు పెట్టి వెళ్లాను. మేడ మీద పిట్టగోడపై ముద్ద పెట్టి చెయ్యి తీసేలోపే ఐదారు కాకులు వాలాయి. ఒకటి నా చేతిని కూడా పొడిచింది. "ఇవీ కాకులంటే" అంది అమ్మ.

ఆ మాటలో ఏదో వినిపించి, "అమ్మా, ఆ రోజు క్లెమెంటిలో వచ్చింది..." అని నసిగాను.

"కోయిల" అంది అమ్మ, నా వైపు చూడకుండానే.

"నీకు తెలుసా?"

"కళ్లు పోయినా చెవులున్నాయి కదరా. నువ్వు లిఫ్టులో ఉండగా చెట్టెక్కి బ్లాకంతా వినపడేలా కూసింది."

"మరెందుకు తిన్నావు?"

అమ్మ నన్ను వింతగా చూసింది. "కర్తవి నువ్వు, కాకి ముట్టకుండా తినకూడదు, నేను తినకుండా నువ్వు తినవు. పొద్దుట్నించీ మంచినీళ్లయినా తాగలేదు, మొహం పీక్కుపోయింది. మీ నాన్నే ఉంటే, కాకి సంగతి తర్వాత, ముందు వాడికి అన్నం పెట్టవే అనేవారు. పెట్టాను" అంది.

కింద మా పిన్ని విస్తళ్లు వేస్తూ పిలుస్తోంది. తడి పంచె కట్టుకుని వేలికి నిమ్మగడ్డి చుట్టుకుని గడ్డిలో గొంతుక్కూర్చున్న ఆ పాతికేళ్లవాణ్ని ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అమ్మకు అన్నం తినిపించింది తనే అనుకున్నాడు, పాపం.