వంకర పోయిన పట్టాలు

పెరంబూరులో చాలాకాలం రంగుల దుకాణం నడిపిన అచ్యుతరామయ్యకి రైలు పట్టాల పిచ్చి. దుకాణం కొడుక్కి అప్పగించాక, మేడమీది రేకుల గదిలో పెద్ద చెక్కబల్ల వేయించి, దానిమీద బొమ్మ రైలుకి లైను పరిచాడు. చూసేవాళ్ళు ఇంజన్నీ పెట్టెల్నీ చూసి మురిసేవాళ్ళు. ఆయన ధ్యాసంతా పట్టాలమీదే. కొత్తగా కొన్న బొమ్మ పట్టాలు వెండిలా తళతళలాడతాయి. అసలు పట్టా అలా ఉండదు. పక్కలంతా తుప్పు, పైన మాత్రం చక్రాలు రాసుకున్న మెరుపు. ఇంజన్లు ఆగేచోట నూనె కారి కంకర నల్లబడుతుంది. ఇవన్నీ చూడ్డానికి ఆయన స్టేషన్ వంతెనమీద పూటలకు పూటలు నిలబడేవాడు.

ముందు లైనంతా మట్టిరంగు చల్లేవాడు. అది ఆరాక రెడ్ ఆక్సైడులో కాస్త నలుపు కలిపి, సన్న కుంచెతో పట్టాల పక్కలకి పూసేవాడు. పట్టా నెత్తిన అంటిన రంగుని తడి ఆరకముందే థిన్నరు గుడ్డతో తుడిచెయ్యాలి. లేకపోతే కరెంటు అందక ఇంజను మొరాయిస్తుంది. చివర్న ఇటుకపొడీ బొగ్గుపొడీ మెత్తగా అద్దితే, ఏళ్ళ తరబడి ఎండకి ఎండి వానకి తడిసిన లైను బల్లమీదికి వచ్చేసేది.

పోయిన వేసవిలో ఒక ఉదయం బల్ల కొసన వంగి చూస్తే, తిన్నగా పరిచిన పట్టా మధ్యలో మెలిక తిరిగి కనిపించింది. రేకుల వేడికి సాగిందనుకున్నాడు. అతికించిన కంకరంతా గీకి, ఆ ముక్క ఊడబెరికి, కొత్తది పరిచి రంగువేశాడు. మళ్ళీ అదే మెలిక. ఉక్కు స్కేలు తెచ్చి పక్కన ఆనించాడు.

స్కేలు కూడా వంగింది.

ఆయన కుడికన్ను మూశాడు. పట్టా, స్కేలు రెండూ తిన్నగా ఉన్నాయి. ఎడమకన్ను మూశాడు. రెండూ మెలికలు తిరిగాయి, మెలిక నడుమ బూడిదరంగు మరక.

ఆయన తల్లి చివరి కాలంలో మనిషి మొహం చూడాలంటే తల పక్కకి తిప్పుకునేది. ఎదురుగా చూస్తే మొహం ఉండాల్సిన చోట ఏమీ లేదనేది. ఇది ముసలితనం కాదు, అమ్మ జబ్బే తనకీ వచ్చిందని ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఎవరికీ చెప్పలేదు. చెబితే అది నిజమైపోతుందేమోనని భయం. పొద్దున లేవగానే ఒక్కో కన్నూ మూసి తలుపు చట్రాన్ని చూసేవాడు. వీధిలో కరెంటు స్తంభం వంగేది. బస్సు బోర్డులో నడిమి అక్షరాలు మాయమయ్యేవి. అయినా రోజూ మేడెక్కి కుంచె పట్టేవాడు. అది కూడా మానేస్తే ఇక తన దగ్గర ఏం మిగులుతుందని.

ఒకరోజు కాఫీ ఇవ్వడానికి పైకొచ్చిన భార్య సత్యభామ, కదలని ఇంజన్నీ దాని కింది లైనునీ చూసి ఆగిపోయింది.

"ఏమండీ, ఇదేంది? పట్టా పైనంతా రంగు పూసేసి ఉండారే! పైన పూయకూడదని నాకు కూడా తెలుసు గదా."

"ఎండ కళ్ళలో పడినాది లే."

"నిన్న కాపీని గ్లాసులో గాక పక్కన పోసినారు. మొన్న నన్ను చూసి కన్ను మూసేది, తెరిచేది. నేనేం చిన్నబిడ్డనా? ఏమాయె, చెప్పండప్పా."

ఆయన ఎడమకన్నుని అరచేత్తో మూసి ఆమెవైపు చూశాడు. జడ ఉంది, చెవి కమ్మలున్నాయి. నడుమ ఏమీ లేదు.

"భామా, ఈ కంట్లో నీ మొగం లేదే," అన్నాడు.

ఆమె గ్లాసు కింద పెట్టి, ఆయన చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది. ఆటో పిలిచింది.

కళ్ళాసుపత్రిలో జీవిత అనే డాక్టరమ్మ కంటి ఫోటోలు తీయించి చూసి, కంటి వెనక తెరలో సన్న రక్తనాళాల్లోంచి రక్తం, నీరు కారుతున్నాయని అరవంలో నిదానంగా చెప్పింది. ఇంకా ఆలస్యమైతే చూపు నిలిచేది కాదంది. మందు నేరుగా కంట్లోకే సూదితో ఎక్కించాలంది.

"కంట్లోకా?" అన్నాడు అచ్యుతరామయ్య. లేచి వెళ్ళిపోబోతే సత్యభామ చొక్కా కొస పట్టుకుంది.

"ఈడ కూచోండి. నేను బైటే ఉంటా, యాడికీ పోను."

లోపల రెప్పలు కదలకుండా బిగించారు. చుక్కలు వేశారు. నొప్పి లేదు గానీ సూది దగ్గరికొస్తుంటే చూపు తిప్పుకోవడానికి లేదు. కళ్ళు మూసుకుని భయపడే వీలు కూడా లేని భయం అది. దుకాణంలో రంగు డబ్బాల పేర్లు వరసగా గొణుక్కున్నాడు. ఒక బరువు, ఒక ఒత్తిడి, తర్వాత కంట్లో నల్లటి బుడగలు తేలాయి. బయటికొచ్చాక బెంచీమీద కూర్చుని సత్యభామ చెయ్యి పట్టుకున్నాడు.

నెలకోసారి సూది. మూడోది అయ్యాక మరక పలచబడింది. సత్యభామ మొహం ఆ కంట్లోకి తిరిగొచ్చింది, కాస్త పక్కకి లాగినట్టు. మెలిక పూర్తిగా పోదనీ, రెండో కన్నుని కూడా కనిపెట్టి ఉండాలనీ డాక్టరమ్మ చెప్పింది.

పట్టా నెత్తి తుడిచే పని ఇప్పుడు సత్యభామది. థిన్నరు వాసనకి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని తుడుస్తుంది. సూదికి వెళ్ళే రోజు మాత్రం ఆయన భయానికి పొద్దున్నించీ అన్నం ముట్టడు. ఆటోలో ఆసుపత్రి దాకా ఆపకుండా మాట్లాడతాడు. వానకి తడిసిన తుప్పు రంగు వేరనీ, ఎండిన తుప్పు రంగు వేరనీ, ఈసారి రెండూ కలిపి చూడాలనీ. ఆమె మధ్యలో అడ్డురాదు. ఆటో ఆగాక ముందు తను దిగి, చెయ్యి చాచి నిలబడుతుంది.