బొండాం సంగతి

పలాసకు జీడిపిక్కల బస్తాలు తీసుకెళ్ళాల్సిన రోజు అది. జీపు వచ్చి వీధిలో హారన్ కొడుతోంది. గుమ్మంలో నిలబడి చెప్పులు తొడుక్కోబోతే కాళ్ళు పట్టలేదు. ముందు రోజు విడిచిన నా చెప్పులే. ఎవరివో మారిపోయాయని ఇంట్లోవాళ్ళ మీద కేకలేశాను. నా భార్య హేమ వచ్చి చెప్పుల్ని చూడలేదు, నా కాళ్ళను చూసింది. వంగి, చీలమండ పైన బొటనవేలితో నొక్కింది. గుంట పడింది. వేలు తీసినా ఆ గుంట అలాగే ఉంది.

"ఏటిది? కాళ్ళు ఇలగ పొంగిపోనాయేటి?" అంది.

"తోటలో ఎండకి తిరిగితే పొంగవేటి?" అని విసుక్కుని, చెప్పుల్లేకుండానే జీపెక్కి పోయాను. అప్పట్లో నాకు అన్నిటికీ సమాధానాలు ఉండేవి.

మాది జలంత్రకోట దగ్గర ఊరు. కొబ్బరి, జీడి తోటలే మా బతుకు. ఇది తొంభైల చివరి సంగతి. ఆ రోజుల్లో మా ఉద్దానం ఊళ్ళలో ఈ జబ్బు పేరు ఎవరూ పైకి అనేవాళ్ళు కారు. కొందరు నడుం నొప్పి అనేవాళ్ళు, ఎక్కువమంది కడుపులో గేస్ అనేవాళ్ళు. మొహం ఉబ్బి, ఒళ్ళు నల్లబడి, విశాఖపట్నం రైలెక్కి తిరుగుతున్న మనిషిని ఏమైందని అడిగినా "గేసే బావా" అనేవాడు. అసలు పేరు బయటపడితే ఆ ఇంట్లో పిల్లల్ని ఎవరూ చేసుకోరని భయం. నేను కూడా కొన్ని నెలలు గేస్‌ మనిషినే.

హేమ పోరు పడలేక పలాసలో ఒక డాక్టరుకు చూపించుకున్నాను. రక్తం, మూత్రం పరీక్షించారు. రిపోర్టు చూసి ఆయన మా ఊరి పేరు అడిగాడు. చెప్పాను. "ఊఁ" అని, "క్రియాటినిన్ పెరిగింది, విశాఖపట్నం వెళ్ళండి" అన్నాడు. ఊరి పేరు విని ఆయన అన్న ఆ 'ఊఁ' నాకు నచ్చలేదు.

విశాఖపట్నంలో స్కానింగ్ తీశారు. నెఫ్రాలజిస్ట్ వయసులో నాకన్నా చిన్నవాడు. మెల్లగా చెప్పాడు. "రెండు కిడ్నీలూ ష్రింక్ అయిపోయాయండీ. పోయినదాన్ని వెనక్కి తేలేం. మిగిలినదాన్ని కాపాడుకోవాలి. ఉప్పు తగ్గించండి. పెయిన్ కిల్లర్లు ముట్టుకోవద్దు. పొటాషియం ఎక్కువున్నవి తీసుకోకండి."

ఆయన చెబుతున్నంతసేపూ నాకేమీ అనిపించలేదు. ఆయన వెనక గోడకున్న ఫ్యాను ఒక రెక్క వంకరగా తిరుగుతోంది. దాన్నే చూస్తూ కూర్చున్నాను. హేమ ఏడుస్తోంది. ఆమె పక్కింటి మనిషైనట్టు, ఆ జబ్బు ఇంకెవరిదో అయినట్టు ఉంది నాకు.

పొటాషియం మాట మాత్రం చెవిన పడింది. అది నాకు బాగా తెలుసు. ఏటా కొబ్బరి చెట్ల మొదళ్ళలో పొటాష్ వేసేవాణ్ణి నేనే. అది వేస్తేనే కాయ నిండుతుందని మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. అది ఎరువు. ఎరువు ఎవడు తింటాడు? ఆ డాక్టరుకు తోటల సంగతి తెలియదనుకుని తలూపేసి వచ్చాను.

ఇంటికొచ్చాక అమ్మ "ఏటన్నారు?" అంది. మిగిలినదాన్ని కాపాడుకోమన్నారని చెప్పాను. ఆమె కళ్ళు తుడుచుకోలేదు, దేవుడి గదిలోకీ పోలేదు. చీర కొంగు బిగించి, "అయితే కాపాడుకుందుం. ఏటైపోనాదని?" అంది. నాన్న చనిపోయిన ఏడాది కూడా ఆమె అలాగే కొంగు బిగించి తోటలోకి నడిచింది.

మర్నాటి నుంచి బొండాలు మొదలయ్యాయి.

మా వైపు మనిషికి ఏం వచ్చినా ముందు బొండాం కొడతాం. జ్వరమొస్తే బొండాం, పురిటింట్లో బొండాం, ముసలివాళ్ళు మెతుకు మింగలేకపోతే చెంచాతో కొబ్బరినీళ్ళు. మూత్రం మంట అంటే ఇక చెప్పక్కర్లేదు. మా ఇంటి వెనక చెట్టు నీళ్ళు ఊరంతటిలోకీ తీపి. చెట్టెక్కి దింపు తీసేవాణ్ణి పిలిపించి ఆ చెట్టు గెలలు నాకోసమని విడిగా దింపించేది అమ్మ. కత్తి పట్టుకుని తనే కొట్టేది. హేమ కొడతానన్నా ఇచ్చేది కాదు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం మళ్ళీ ఒకటి. నేను తాగుతుంటే ఎదురుగా నిలబడి నా గొంతు వైపే చూసేది. చివరి చుక్కదాకా తాగేదాకా కదిలేది కాదు.

తర్వాత ఒక మధ్యాహ్నం అరుగు మీద కూర్చున్నవాణ్ణి లేవబోతే కాళ్ళు రాలేదు. నొప్పి లేదు. తడి ఇసక బస్తాలు కట్టినట్టున్నాయి. చేతులు కూడా బరువెక్కాయి. "హేమా" అని పిలిచాను గానీ గొంతు నాది కాదు. భయం వేయలేదు. అది నాకు ఇప్పటికీ వింతగానే ఉంది.

జీపులో టెక్కలి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఈసీజీ తీశారు. ఆ కాగితం చూడగానే డాక్టరు నర్సును కేకేసి నరానికి ఇంజెక్షన్ ఎక్కించమన్నాడు. "పొటాషియం విపరీతంగా పెరిగిపోయింది. ఇంకాస్త ఆలస్యమైతే గుండె ఆగిపోయేది. ఏం తింటున్నాడు ఈయన?" అని అడిగాడు.

అమ్మ ముందుకొచ్చింది. ఆ గొంతులో గర్వం నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. "ఉప్పు ముట్టనీట్లేదు బాబూ. మూడు పూటలా బొండాం నీలే. నా సేత్తోనే కొట్టి ఇత్తన్నాను."

డాక్టరు రాయడం ఆపి ఆమె వైపు చూశాడు. "అమ్మా, కిడ్నీ జబ్బున్నవాళ్ళకి కొబ్బరినీళ్ళు ఇవ్వకూడదు. వాటినిండా పొటాషియమే. కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు. ఇప్పుడు ప్రాణం మీదికి వచ్చింది అందుకే."

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. అమ్మ తన రెండు చేతుల్నీ కొంగులో చుట్టేసుకుంది. నన్ను స్ట్రెచర్ మీద తీసుకెళుతుంటే, ఏటా నేను చెట్టు మొదట్లో వేసిన పొటాష్ గుర్తొచ్చింది. నవ్వొచ్చినట్టయింది, కానీ మొహం కదల్లేదు.

విశాఖపట్నంలో మెడకు గొట్టం పెట్టి డయాలసిస్ చేశారు. ఆ గొట్టం దగ్గర ఇన్ఫెక్షన్ వచ్చి వణుకు జ్వరం పట్టుకుంది. అది తగ్గేదాకా అక్కడే ఉన్నాం. చివరికి క్రియాటినిన్ కొంత దిగి నిలబడింది. గొట్టం తీసేశారు. "ఈసారికి బయటపడ్డారు. మందులు, పథ్యం తప్పితే మళ్ళీ మెషిన్ మీదికే" అన్నాడు ఆ కుర్ర డాక్టరు. సరేనన్నాను. నోట్లో ఏది పెట్టుకున్నా మట్టి రుచే.

ఇంటికొచ్చాక చూస్తే అమ్మ మారిపోయింది. నాకు ఏదీ తన చేత్తో ఇచ్చేది కాదు. అన్నం పెట్టదు, మాత్ర అందించదు. నీళ్ళకూ డాక్టరు కొలత పెట్టాడు, దాహమేస్తే హేమ కొలిచిపెట్టిన సీసాలోంచి ఒక గ్లాసు తాగాలి నేను. పక్కనే అమ్మ ఉన్నా "హేమా, ఆడికి నీలియ్యి" అని పెరట్లోకి పోయేది. రానురాను ఆ మాట కూడా మానేసింది. కొబ్బరి పీచు ముందేసుకుని గోడ వైపు తిరిగి తాడు పేనుతూ ఉండేది. కంచంలో అన్నం కెలికి లేచిపోయేది. భుజాల ఎముకలు బయటపడ్డాయి.

ఒకరోజు హేమ నా మీద విరుచుకుపడింది. "నువ్వు గట్టెక్కినావు, ఇప్పుడు అత్త పోద్ది. సూత్తా కూకున్నావేటి? ఒక్క మాట అనలేవా?"

వెళ్ళి అన్నాను. "అమ్మా, నీ తప్పేటీ లేదు" అన్నాను. బస్సు మీద ఊరి పేరు చదివినట్టు వచ్చింది ఆ మాట. ఆమె ఊఁ అంది. ఆమె పోతుందని నాకు తెలుసు. పోకూడదనీ తెలుసు. తెలియడమే తప్ప లోపల ఏదీ కదల్లేదు.

మా ఊరికి వచ్చే హెల్త్ సిస్టర్ సుభద్రది సంతబొమ్మాళి వైపు. ఏదో ట్రైనింగులో విని వచ్చిందట, జబ్బు ఉన్నవాళ్ళూ ఇంట్లోవాళ్ళూ ఒకచోట కూర్చుని తమ కథ తాము చెప్పుకుంటే మనసు తేలికపడుతుందని. బడిలో బెంచీలు వేసి పిలిచింది. జనం బాగానే వచ్చారు. ఒక్కొక్కరినీ ఏమైందని అడిగింది. ఒకరు గేస్ అన్నారు, పక్కవాళ్ళు నడుం నొప్పన్నారు, ఆ పక్కన కూర్చున్న మా వీధి దమయంతి "మా ఇంటాయనకీ గేసే సిస్టరమ్మా" అంది. టీ తాగి అందరూ ఇళ్ళకు పోయారు.

సిస్టర్ మొహం వేలాడేసుకుని మా ఇంటికొస్తే హేమే చెప్పింది. "బెంచీ మీద కూకోబెట్టి సెప్పమంటే ఎవులు సెప్తారు? మాకు సేతులు ఆడితే గానీ నోరాడదు. పీచు పాకలోకి రా."

పీచు పాక అంటే మా ఊరి ఆడవాళ్ళు మధ్యాహ్నాలు చేరి తాడు పేనే చోటు. అరచేతుల మధ్య పీచు తిరుగుతుంటే ఎవరూ ఎవరి మొహమూ చూడరు. కళ్ళన్నీ తాడు మీదే ఉంటాయి. సిస్టర్ కూడా ఒళ్ళో ఇంత పీచు వేసుకుని కూర్చుంది. "మొదటి రోజు కాడి నుంచి సెప్పండి. ఒకలు సెప్తుంటే మజ్జిలో ఎవులూ మాటాడొద్దు. సలహాలొద్దు, ఓదార్పులొద్దు. ఇనండి, అంతే" అంది. రెండు మూడు వారాలకు ఒకావిడ నోరు విప్పింది. తర్వాత ఇంకొకరు. మగవాళ్ళం కూడా పోయి చూరు కింద కూర్చోవడం మొదలెట్టాం.

నా వంతు వచ్చింది. చెప్పులు పట్టని రోజు నుంచి చెప్పాను. వంకర ఫ్యాను చెప్పాను. విశాఖపట్నం నుంచి ఇంటికొచ్చామన్నాను, ఆ వెంటనే కాళ్ళు రాలేదన్నాను. టెక్కలి, ఇంజెక్షన్, మెడలో గొట్టం, అన్నీ వరసగా వచ్చాయి. అమ్మ మూలన కూర్చుని పేనుతోంది. అందుకే బొండాం మాట ఎత్తలేదు. అది ఊళ్ళో మా ఇల్లు దాటలేదు, దాటనివ్వకూడదనుకున్నాను.

"ఇంకేటైనా ఉందా?" అంది సిస్టర్.

"అంతే."

"అంతేటిరా?"

అది అమ్మ గొంతు. ఎన్నాళ్ళకో విన్నాను. తల ఎత్తలేదు, చేతులు ఆపలేదు. "మజ్జిలో ఉన్నది ఒగ్గేసినావు."

"ఒద్దులేమ్మా."

"నువ్వూరుకో. మజ్జిలో మాటాడొద్దని సిస్టరమ్మ సెప్పింది గాదా." తాడు పేనుతూనే చెప్పింది. "ఇంటెనక సెట్టు నీలు తియ్యగుంటాయని ఆడికే దాసినాను. పొద్దున కొట్టి ఇచ్చినాను, మద్దేనం ఇచ్చినాను, సాయంత్రం ఇచ్చినాను. ఆడు తాగుతుంటే గొంతు మీదికీ కిందికీ ఆడతాది. అది సూసుకుని మురిసిపోనాను. ఆ నీలే ఆడి గుండెకి ఎక్కినాయి. డాట్రు సెప్పినాడు, ఆ నీలు కూడదంట. నా కొడుకుని నా సేత్తో నానే సంపబోనాను. కత్తి పట్టిన సెయ్యి ఇదే." అప్పుడు చేతులు ఆగాయి.

ఇంతలో దమయంతి లేచి నిలబడింది. ఒళ్ళో పీచంతా కింద పడిపోయింది.

"ఇప్పుడే... వత్తా వత్తా ఇచ్చొచ్చినాను" అంది. "మా ఇంటాయనకి గేస్ కాదు సిస్టరమ్మా. ఆయనకీ ఇదే. కాళ్ళు లాగేత్తన్నాయంటే ఇంకో బొండాం కొట్టిచ్చొచ్చినానమ్మా, ఓలమ్మో!" అంటూ పరిగెత్తింది. సిస్టర్ ఆమె వెనకాలే పరిగెత్తింది. కాసేపట్లో జీపు టెక్కలి రోడ్డు పట్టింది.

మేం పాకలోనే కూర్చుండిపోయాం. నాకు చెవులు వేడెక్కాయి. కోపం వచ్చింది. డాక్టరు మీదో, ఆ చెట్టు మీదో, గేస్ అన్న మా అందరి మీదో తెలియదు. ఎన్ని నెలల తర్వాతో ఏదో ఒకటి వచ్చింది. కోపమైనా సరే, అది నాదేనని తెలిసింది.

పది పదిహేను రోజుల తర్వాత దమయంతి మొగుణ్ణి వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఆయన మెడకు కట్టు ఉంది. అరుగు మీద కూలబడి ఆయాసపడుతున్నాడు. దమయంతి అమ్మ రెండు చేతులూ పట్టుకుని తన కళ్ళకద్దుకుంది. "అత్తా, ఆ రోజు నువ్వు సెప్పకపోతే నాకు మనిసి లేడు" అంది. అమ్మ చేతులు వెనక్కి లాక్కోబోయింది. దమయంతి వదల్లేదు. అమ్మ ఏడ్చింది. ఆసుపత్రిలో ఏడవని మనిషి, ఇంటికొచ్చాక ఏడవని మనిషి, గట్టిగా, వీధికి వినబడేలా ఏడ్చింది.

వాళ్ళు వెళ్ళాక నేను "హేమా, దాహమేత్తంది" అన్నాను. హేమ వంటింట్లోంచి కదల్లేదు. కావాలనే కదల్లేదని తర్వాత చెప్పింది. అమ్మ లేచింది. సీసాలోంచి గ్లాసులోకి వంచి, గ్లాసు మీది కొలత గీత దగ్గర ఆగిందో లేదో వెలుతురుకు పెట్టి చూసుకుని నా చేతికిచ్చింది. ఎదురుగా నిలబడి నా గొంతు వైపు చూసింది. ఆ నీళ్ళు చల్లగా ఉన్నాయి. మట్టి రుచి లేదు.

ఇదంతా జరిగి కొన్నేళ్ళయింది. నాకు జబ్బు పోలేదు, పోదు. మందులు మింగుతున్నాను, రక్తం పరీక్షకు రైలెక్కుతున్నాను. కొన్ని రోజులు మళ్ళీ మొద్దుబారిపోతాను. అప్పుడు పాకలోకి పోయి కూర్చుంటాను. దమయంతి మొగుడు ఇంకా డయాలసిస్‌కు వెళుతున్నాడు. మా ఊళ్ళో ఇప్పుడు గేస్ అనేవాళ్ళు తగ్గారు.

నా అనుభవంలోంచి చెప్పగలిగింది ఒక్కటే. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఏం మానేశారో చెప్పడం కాదు, మంచిదనుకుని ఇంట్లో ప్రేమగా ఏం పెడుతున్నారో అది ముందు చెప్పండి. బొండాం కావచ్చు, కషాయం కావచ్చు, పండు కావచ్చు. ఆయన అడగకపోయినా చెప్పండి.

పాకలోకి ఎవరైనా కొత్తగా వస్తే మా అమ్మే పక్కన చోటిస్తుంది. ఒళ్ళో ఇంత పీచు పడేస్తుంది. జబ్బు పేరు అడగదు. "ముందు ఇది సెప్పు తల్లీ, నీ సేత్తో ఏటిత్తన్నావు?" అంటుంది.