తొమ్మిది చుట్లు

మెక్సికో దేశం యుకటాన్‌లోని చుంకాబ్ మునిసిపాలిటీలో బొనిఫాసియా చంక ఎక్కకుండా పెరిగినవాళ్ళు తక్కువ. ఆడపిల్లనైతే మూడో నెలలో, మగపిల్లాడినైతే నాలుగో నెలలో మొదటిసారి చంకనెత్తుకుని, బల్ల చుట్టూ తొమ్మిది చుట్లు తిప్పుతూ చేతికి పెన్సిలో సూదో అందించడం అక్కడి మాయా వాళ్ళ ఆచారం. ఎత్తుకున్నవాళ్ళ గుణమే బిడ్డకు వస్తుందని నమ్మకం.

కిత్తనార తోటల రోజుల్లో తోట దొర కనబడితే ఊరు ఊరంతా తల దించుకునేది. నిండు చూలాలిని ఎండలో నిలబెట్టినందుకు ఆ దొరగారి మేస్త్రీని పదహారేళ్ళ బొనిఫాసియా నలుగురిలో కడిగిపారేసింది. అప్పట్నుంచి బిడ్డ పుడితే చాలు, తల్లులు ఆమె గుమ్మంలోనే ఉండేవారు.

"నీ నోరు రావాలమ్మా దీనికి!" అని బతిమాలేవారు.

డెబ్బై దాటిన ఆ బొనిఫాసియా ఒక పొద్దున మొక్కజొన్న పిండిమర దగ్గర ఎప్పటిలాగే అందరినీ దాటుకుని ముందు తన బకెట్ పెట్టింది. కొత్తగా మునిసిపల్ ప్రెసిడెంటైన ఫిదెలియా లైన్లోంచే కేకేసింది.

"పెద్దమ్మా, వెనక్కెళ్ళి నిలబడు!"

"ఏమే, నిన్ను చంకనేసుకుని తిప్పినదాన్ని. నాకు లైనా?"

"ఈ లైన్లో నువ్వు తిప్పనిదెవర్ని? ఆ లెక్కన అందరూ ముందుకే వస్తే వెనక ఎవరుంటారు?"

నడుం మీద చెయ్యి, ఎగరేసిన కనుబొమ్మ, ఆ గొంతు, అన్నీ బొనిఫాసియావే. ముసలమ్మ ఫిదెలియాను ఎగాదిగా చూసి, బకెట్ తీసుకుని, అందరికీ వినబడేలా గొణుక్కుంటూ చివరికి నడిచింది.

"దీన్ని ఏ ఆరు చుట్లతోనో ఆపాల్సింది."