మస్కట్ బజారులో అమ్మ పిడికిలి

మా ఇంట్లో ఎవరూ బేరమాడరు. చెప్పిన ధర ఇవ్వాలి, లేదా మాట్లాడకుండా ముందుకు నడవాలి. నాకు నాన్న నేర్పిన పద్ధతి అది, ఆయనకు వాళ్ల నాన్న నేర్పిన పద్ధతి. అందుకే మస్కట్‌లో సముద్రం ఒడ్డునున్న పాత బజారులోకి అడుగుపెట్టిన కాసేపటికే, నాకు ఏమాత్రం అక్కర్లేని కుట్టుపని టోపీ ఒకటి నా చేతికొచ్చింది. ధర చెప్పగానే జేబులోంచి డబ్బు తీశాను. దుకాణంవాడి ముఖంలో సంతోషం కంటే ఆశ్చర్యమే ఎక్కువ కనిపించింది.

"అన్నా, ఇక్కడ సగానికి అడగాలి," అంది చెల్లెలు.

"నువ్వు అడుగు. నేను అడగను."

"దొరవారు మరి," అంది అమ్మకు వినపడకుండా. "నిలబడటానికి గోడ కూడా మిగల్లేదు గానీ."

నేను టోపీ సంచిలో వేసుకున్నాను. చెల్లెలి భర్త అక్కడ ఒక కంపెనీ గోదాములో పనిచేస్తాడు. చలికాలంలో రమ్మని అమ్మకూ నాకూ టికెట్లు పంపింది చెల్లెలే. అప్పటిదాకా అమ్మకు తెలిసిన లోకం ఇటు భద్రాచలం, అటు జగ్దల్‌పూర్.

మాది భద్రాచలానికి అవతల, సరిహద్దు దాటాక అడవిలో కిష్టారం దారిలో ఒక ఊరు. ఊరు అంటున్నది అలవాటు కొద్దీ. వారానికోసారి మా ఇంటి ముందు తోపులో సంత జరిగేది. దాన్ని మొదలుపెట్టే హక్కు మా ఇంటి ఆడవాళ్లది. పొద్దెక్కేసరికి అమ్మ తూర్పు వైపు నుంచి బయల్దేరేది. చింతపండు, ఇప్పపువ్వు, సారపప్పు, మిరపకాయలు, ఎండుచేపలు... ప్రతి కుప్పలోంచీ కుడిచేత్తో ఒక పిడికెడు తీసేది. అడిగేది కాదు, ధర మాట ఎత్తేది కాదు. అమ్మేవాళ్లు తల వంచుకుని కూర్చునేవాళ్లు. ఆమె చివరిదాకా నడిచాకే మొదటి బేరం మొదలయ్యేది. ఒకసారి చూసుకోకుండా ఒక కుప్ప దాటిపోతే, ఆ గంప మనిషి ఏడుస్తూ వెంటపడింది: "నా కుప్పల చెయ్యి పెట్టకపోతివి దొరసానీ, నేనేం తప్పు చేసిన?"

దీన్ని దోపిడీ అన్నవాళ్లున్నారు. బావి మాది, పాక మాది, కొలిచే తవ్వ మాది. బయటి వ్యాపారి తన తవ్వ అడుగున మైనం అతికించాడని తగాదా వస్తే, మా ఇంటి తవ్వ బయటికొచ్చేది. అడవి గింజలు తెచ్చిన మనిషి మోసపోకుండా ఇంటికి చేరేవాడు. అందుకు పిడికెడు ఎక్కువా అని నేను ఇప్పటికీ అడుగుతాను.

నక్సలైట్లకూ సర్కారుకూ మధ్య గొడవలు నడిచిన ఏళ్లలో ఊరు ఖాళీ అయింది. కొందరు శిబిరాలకు పోయారు, కొందరు సరిహద్దు దాటి భద్రాచలం వైపు పోయారు. మా ఇల్లు కాలింది. ఎవరు కాల్చారో చెప్పే ధైర్యం అప్పుడు ఎవరికీ లేదు, ఇప్పుడు చెప్పి లాభం లేదు. అమ్మా నాన్నా నేనూ సరిహద్దు పట్నం కొంటాలో రెండు గదుల అద్దె ఇంట్లోకి చేరాం. ఏడాది తిరగకుండానే నాన్న పోయాడు. నన్ను ఒక బియ్యం మిల్లులో మేనేజరని పిలుస్తారు. పొద్దున తాళం తీసేది, సాయంత్రం వేసేది నేనే.

కొంటాలో మొదటి సంత రోజున అమ్మ గుమ్మంలో కూర్చుని, "మన పిడికెడు ఏదిరా?" అంది. అక్కడి సంత సర్కారు జాగాలో జరుగుతుంది. వసూలు చేసేది వేలంలో పాడుకున్న ఠేకేదారు, రసీదు చించి చేతిలో పెడతాడు. బజారుకు వెళ్లి చింతపండు, మిరపకాయలు, సారపప్పు కొంచెం కొంచెం కొని గుడ్డసంచిలో వేసుకొచ్చాను. "మనవాళ్లు పంపారమ్మా. నిన్ను ఎండలో రావద్దన్నారు," అన్నాను. అమ్మ వాటిని మా ఇంటి వేల్పు కుండ ముందు పెట్టి దణ్ణం పెట్టుకుంది. మంటల్లోంచి మేము తెచ్చుకోగలిగింది ఆ కుండ ఒక్కటే. ఆ తర్వాత ప్రతి సంతకూ అదే జరిగింది. మోకాళ్ల నొప్పి సాకు చెప్పి ఆమెను సంత వైపు పోనివ్వలేదు. తన చెయ్యి కోసం జనం ఇంకా ఎదురుచూస్తున్నారన్న నమ్మకం ఒక్కటే ఆమెకు మిగిలింది. అది కూడా పోతే మనిషి నిలవదని నా భయం.

మస్కట్ బజారు సందులన్నీ పైకప్పు కింద ఉంటాయి. పగలే దీపాలు వెలుగుతాయి. ప్రతి గుమ్మంలో సాంబ్రాణి పొగ. గోడలకు వెండి పిడిబాకులు, తాళ్లకు శాలువాలు. దారి పొడవునా "అమ్మా, ఆవో, కశ్మీరీ హై" అని శాలువాలు అమ్మేవాళ్ల కేకలు. నాకు తల తిరిగింది. అమ్మకు మాత్రం అవేవీ పట్టలేదు. ఆమె చూసింది కుప్పల్ని. ఎండిన గులాబీ మొగ్గలు, నల్లగా ఎండిన నిమ్మకాయలు, ఏలకులు, ఖర్జూరాలు, తెల్లటి సాంబ్రాణి పలుకులు. గంపల్లో, గోనెల్లో, సందుకు రెండు వైపులా.

ఆమె వీపు నిటారైంది. మోకాళ్ల నొప్పి ఎటు పోయిందో తెలియదు. ఎడమచేత్తో కొంగు పట్టుకుని, మొదటి గోనెలోంచి గులాబీ మొగ్గలు పిడికెడు తీసి అందులో వేసుకుంది. దుకాణం ముసలాయన నవ్వాడు. వాసన చూడటానికనుకున్నాడేమో. రెండో చోట ఖర్జూరాలు. అక్కడ కూడా నవ్వే, కాకపోతే కొంచెం ఆలస్యంగా వచ్చింది.

చెల్లెలు వెనక ఏదో గాజుల దగ్గర బేరంలో ఉంది. నేను అమ్మను ఆపవచ్చు. చెయ్యి పట్టుకుని, ఇది మన ఊరు కాదమ్మా అనవచ్చు. ఆ నడక చూసి ఎన్నేళ్లయిందో! నేను ఆపలేదు. ఆమె ముందు నడుస్తుంటే నేను వెనకాలే వెళ్తూ, ప్రతి దుకాణంలో ఒక నోటు బల్ల మీద పెట్టి, మాట్లాడవద్దని సైగ చేశాను. ఒక శాలువాలవాడు నా మోచెయ్యి పట్టుకుని వదలలేదు. వదిలించుకుని చూసేసరికి అమ్మ మలుపు తిరిగిపోయింది.

నేను వెళ్లేసరికి ఆమె కుడిచెయ్యి మణికట్టు దగ్గర ఒకడి పట్టులో ఉంది. పిడికిలి మూసే ఉంది, వేళ్ల సందుల్లోంచి ఏలకులు కనిపిస్తున్నాయి.

"పెద్దమ్మా, గిదేంది? ఇప్పటికి మూడు డబ్బాలల్ల చెయ్యి పెట్టినవ్. పైన కెమెరా ఉన్నది. మా సేఠు చూస్తే నా జీతంల కోస్తడు."

తెలుగువాడు. ఇంకెవరైనా అయితే అమ్మకు మాట అర్థమయ్యేది కాదు.

"చెయ్యి వదులు. నేనెవరో తెల్వదా నీకు?" అంది అమ్మ.

"నాకెట్ల తెలుస్తది? మాది కరీంనగర్ దిక్కు." అతను వెటకారంగా అనలేదు. నిజంగానే అడుగుతున్నాడు.

అమ్మ నన్ను చూసింది. "చెప్పరా," అంది.

చెప్పడానికి నా దగ్గర ఒక ఊరి పేరు ఉంది, ఒక ఇంటిపేరు ఉంది. ఆ రెండూ అక్కడ ఎవరికీ ఏమీ కావు. కొంటాలోనే కావు.

"చెయ్యి వదులు బాబూ," అన్నాను. "ధర ఎంతో చెప్పు, ఇస్తాను."

అతను వదిలాడు. అమ్మ నా చేతిలోని నోట్లను చూసింది. తర్వాత వెనక్కి తిరిగి, తను నడిచొచ్చిన సందు వైపు చూసింది. నా వెనకే మలుపు దాకా వచ్చిన ఒక దుకాణంవాడు నేను బల్ల మీద పెట్టిన నోటు ఇంకా చేతిలో పట్టుకుని, మిగతా చిల్లర ఇవ్వాలో వద్దో తెలియక నిలబడి ఉన్నాడు. ఆమె అతన్ని చాలాసేపు చూసింది.

ఇంతలో లోపలి నుంచి తెల్లటి పొడుగు అంగీ వేసుకున్న పెద్దాయన ఒకరు వచ్చారు. అమ్మను చూసి ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని మెల్లగా ఏదో అన్నారు. ఆయన కళ్లలో కోపం లేదు.

"మా సేఠు," అన్నాడు కరీంనగర్ అతను, ఊపిరి పీల్చుకుని. "పైసలొద్దంటున్నడు సార్. ముసలామె గదా, తీసుకొమ్మంటున్నడు. ధర్మం కింద ఇస్తున్నడట."

"ధర్మమా?" అంది అమ్మ.

"ఔ పెద్దమ్మా. వాళ్లల్ల మంచిదే అది, పుణ్యమొస్తది వాళ్లకు."

అమ్మ కొంగు రెండు చేతులతో పట్టుకుని బల్ల మీద కుమ్మరించింది. గులాబీ మొగ్గలు, ఖర్జూరాలు, నిమ్మకాయలు, సాంబ్రాణి, అన్నీ కలిసిపోయి ఉన్నాయి. చివరికి పిడికిలి విప్పి ఏలకులు కూడా వాటి మీద వేసింది. కొన్ని చెమటకు అరచేతికి అంటుకుంటే, బల్ల అంచుకు రాసి దులుపుకుంది. పెద్దాయన చెయ్యి ఛాతీ మీద అలాగే ఉండిపోయింది. తను ఏం తప్పు మాట్లాడారో ఆయనకు తెలియలేదు. చెప్పే భాష నాకు లేదు.

కారు దాకా ఆమెను చెల్లెలూ నేనూ పట్టుకుని నడిపించాల్సి వచ్చింది. మోకాళ్ల నొప్పి మళ్లీ వచ్చింది.

చెల్లెలు కారు నడుపుతోంది. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క పచ్చదనం లేని కొండలు.

"కొంటాల నువ్వు తెచ్చేది ఎవరు పంపుతున్నరురా?" అంది అమ్మ.

అద్దంలో చెల్లెలి కళ్లు నా వైపు తిరిగాయి.

"మనవాళ్లేనమ్మా," అన్నాను.

అమ్మ కొంగు ముక్కు దగ్గర పెట్టుకుని, సాంబ్రాణి వాసనకు దగ్గి, కిందికి దించింది. అక్కడ ఉన్న మిగతా రోజుల్లో ఇంటి గుమ్మం దాటలేదు.

కొంటాకు తిరిగొచ్చాక వచ్చిన మొదటి సంతకు నేను ఎప్పటిలాగే వెళ్లాను. ఎప్పటిలాగే గుడ్డసంచి తెచ్చి ఆమె ముందు పెట్టాను. "మనవాళ్లు పంపారు," అనబోయాను.

"ఎంతకు కొన్నవ్?"

ఆ ప్రశ్న మా ఇంట్లో ఏ ఆడమనిషీ అడిగి ఎరగదు. నేను ధర చెప్పాను. అమ్మ చింతపండు ముద్ద విడదీసి చూసింది. మధ్యలో గింజలు అలాగే ఉన్నాయి, మట్టి కూడా ఉంది.

"గింజ తీయని దానికి ఇంత పెట్టినవా? తగ్గించమని అడగలేదా?"

"లేదమ్మా."

"అడుగు ఇగనుంచి."

లేచి, సంచి పట్టుకుని, గోడ ఆసరాతో వేల్పు కుండ ముందు ఆగకుండా, పక్క నుంచే నడిచి వంటగదిలోకి వెళ్లింది. డబ్బా మూత తీసిన చప్పుడు వినపడింది.